అక్కడ రెండు గడియారాలు: వేల్స్ సముద్రం ఒడ్డున బి అండ్ బి బస

మే నెల ఎండలకు ఇంటికి తాళం వేసి, బ్రిటన్‌లోని వేల్స్‌లో, కార్డిఫ్‌లోనో స్వాన్సీలోనో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయే అమ్మానాన్నలు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు ఇప్పుడు చాలామందే. పోయినాక ఒక వారం లండన్, ఒక రోజు కార్డిఫ్ కోట, మిగతా నెలంతా ఫ్లాట్‌లో కిటికీ పక్కన కూర్చోవడం. కార్డిఫ్ నుంచి కారులో రెండున్నర గంటల్లో పెంబ్రోక్‌షైర్ తీరం వస్తుంది. 1952లోనే దాన్ని నేషనల్ పార్క్ చేశారు. అందులో సెయింట్ డేవిడ్స్ అనే ఊరు అచ్చం మన తిరుపతి మాదిరే యాత్రికుల కాళ్ల మీద పెరిగిన ఊరు. అది చూడకుండానే చాలామంది తిరిగొచ్చేస్తారు.

ఆ తీరంలో బసకు దిగాల్సింది బి అండ్ బిలోనే, అంటే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇంట్లోనే. మూడు నాలుగు గదులు, పొద్దున టిఫిన్, కింద గదిలో యజమాని కాపురం: అంతే. వేల్స్ భాషలో బోర్డు మీద 'గ్వెలి అ బ్రెక్‌వస్ట్' అని రాసి ఉంటుంది, పడకా టిఫినూ అని అర్థం. దాన్ని లాడ్జి అనుకుని పోతే మొదటి రోజే చిక్కు. రూమ్ బాయ్ ఉండడు, రాత్రి పదకొండుకు తలుపు తీసే రిసెప్షన్ ఉండదు, అడిగినప్పుడల్లా వేడినీళ్లు తెచ్చేవాళ్లుండరు. ఆ ఇంటికి ఒక గడియారం ఉంటుంది, బయట సముద్రానికి ఇంకొకటి ఉంటుంది. రెండూ మన కోసం ఆగవు. మూడొందల రూపాయల దర్శనం టికెట్ మీద టైం స్లాట్ చూసుకుని దినమంతా దానికి తగ్గట్టు అమర్చుకునే ఊరివాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. ఆ రెండు టైములు ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

గది మాట్లాడుకునే ముందు

వేసవిలో ఇద్దరికి గది, టిఫినుతో కలిపి, రాత్రికి సుమారు 90 నుంచి 140 పౌండ్ల మధ్య ఉంటుంది. ఎక్కువ చోట్ల ఆ ధర గదికి, కొన్ని పాత ఇళ్లలో మాత్రం మనిషికి. ఈ తేడా చూడకుండా బుక్ చేస్తే బిల్లు రెండింతలవుతుంది. 'డబుల్' అంటే ఇద్దరికీ ఒకే మంచం, 'ట్విన్' అంటే రెండు మంచాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రాత్రి లేవాల్సి వస్తుంది కాబట్టి ట్విన్ మేలు. 'ఎన్‌స్వీట్' అంటే బాత్రూం గదిలోనే. 'ప్రైవేట్ బాత్రూం' అన్నా బాత్రూం మనదే, కానీ వరండా దాటి పోవాలి. 'షేర్డ్' అంటే పక్క గదివాళ్లతో పంచుకోవడమే.

ఇవన్నీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఉండనిది మెట్ల సంగతి. ఈ ఇళ్లు చాలావరకు వందేళ్లు పైబడినవి, మెట్లు ఇరుకు, లిఫ్టు ఉండదు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసు రెండో అంతస్తుకు ఎక్కించాలంటే ఇద్దరు పట్టాలి. ఆ వంపులో ఇద్దరికి చోటుండదు. కింది గది ఉందా అని ముందే మెయిల్ పెట్టండి. లేదంటే మూడు రోజులకు సరిపడా బట్టలు చిన్న బ్యాగులో సర్దుకుని, పెద్ద పెట్టె పిల్లల ఇంట్లోనే వదిలేయండి.

ఇంకో సంగతి, మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేదిక్కడే. ఇద్దరి గదిలో మూడో మనిషికి కింద చాప పరుచుకుంటాం అంటే కుదరదు. ఫైర్ రూల్సూ ఇన్సూరెన్సూ గదికి ఇంతమంది అని లెక్కగట్టి ఉంటాయి. యజమాని మంచివాడే అయినా ఒప్పుకోలేడు. నలుగురు పెద్దలు, ఒక బిడ్డ ఉంటే రెండు గదులు తప్పవు, కాదంటే వంటగది ఉన్న కాటేజీ తీసుకోవడమే. కొన్ని ఇళ్లలో చిన్నపిల్లలను అసలు తీసుకోరు. శని, ఆదివారాలు కలిస్తే కనీసం రెండు రాత్రులు ఉండాలని చాలామంది పట్టుబడతారు.

నెల ఏదంటే, మే చివరి నుంచి జూన్ అంతా. కొండ అంచుల మీద పూలు, ద్వీపాల్లో పఫిన్ పక్షులు, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. జూలై చివర అక్కడి బడులకు సెలవులిస్తారు. అప్పటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా ధరలూ జనమూ బ్రహ్మోత్సవాల మాదిరే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది, సగం ఇళ్లు మూసి ఉంటాయి.

వీసా గురించి ఒక్క మాట చాలు. విజిటర్ వీసా మామూలుగా ఆరు నెలలకిస్తారు. తిరుపతివాళ్లకు దగ్గరి దరఖాస్తు కేంద్రం చెన్నై. వీసా చేతికొచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా పోవద్దు. అక్కడ ఎమర్జెన్సీ వార్డులో చూసేంతవరకు డబ్బు అడగరు గానీ, ఆస్పత్రిలో చేర్చుకున్న క్షణం నుంచి విజిటర్లకు బిల్లు మొదలవుతుంది.

ఇంటి గడియారం

చెక్ ఇన్ ఎక్కువగా సాయంత్రం నాలుగు, ఆరు మధ్య. పొద్దున పదకొండుకు దిగి, గది ఇవ్వండి, స్నానం చేసి తిరగడానికి పోతాం అంటే ఇవ్వలేరు. ఆ సమయంలో వాళ్లు పాత అతిథుల దుప్పట్లు ఉతుకుతుంటారు. బ్యాగులు మాత్రం పెట్టుకోనిస్తారు. ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టాలి. తలుపు పక్కన నంబర్ల పెట్టెలో తాళం పెట్టి కోడ్ పంపుతారు. ఖాళీ చేసేది పది, పదిన్నరకు.

బాత్రూంలో మూడు సంగతులు ముందే తెలిసుండాలి. మొదటిది, నేల తడపకూడదు. మన బాత్రూంలో నేల వాలు పెట్టి, మూలన నీళ్లు పోయే తూము ఉంటుంది. అక్కడ నేల చెక్క దూలాల మీద పరిచింది, తూము లేదు. బకెట్టు పెట్టుకుని చెంబుతో పోసుకుంటే ఆ నీళ్లు చెక్క సందుల్లోంచి దిగి, కింద టిఫిన్ గది పైకప్పు మీద పసుపుపచ్చ మరకై తేలతాయి. టబ్బులో నిలబడి, కర్టెను అంచు టబ్బు లోపలికి వేసుకుని, అప్పుడు షవర్ తిప్పాలి. టాయిలెట్ దగ్గర చేతి షవర్ ఉండదు. ఇంటి నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు తీసుకుపోతే సమస్య తీరినట్టే.

రెండోది షవర్. గోడకు తెల్ల పెట్టెలాంటిది ఉంటే అది ఎలక్ట్రిక్ షవర్, అప్పటికప్పుడు నీళ్లు కాచేది. బటన్ నొక్కినా చల్లనీళ్లే వస్తుంటే పాడైందని అనుకోవద్దు. పైకప్పు నుంచి ఒక తాడు వేలాడుతుంటుంది, దాన్ని ఒకసారి లాగండి. పైన ఎర్ర దీపం వెలిగితే కరెంటు వచ్చినట్టు. ఇంకో తాడు ఉంటే అది లైటుది. నీళ్ల వేగం పెంచేకొద్దీ వేడి తగ్గుతుంది, ఎందుకంటే కాయిల్ ఇచ్చే వేడి అంతే, దాని మీదుగా పోయే నీళ్లు ఎక్కువ. సలసల కాగే నీళ్లు కావాలనేవాళ్లు ధార సన్నం చేసుకోవాలి. మూడోది, బాత్రూంలో ఉండే రెండు చిల్లుల సాకెట్ గడ్డం గీసుకునే మెషిన్ కోసం మాత్రమే, హెయిర్ డ్రయ్యర్‌ను అది మోయలేదు. గదిలో సాకెట్లు చదరపు మూడు పిన్నులవి, వోల్టేజి మనదే, కాబట్టి అడాప్టర్ ఒక్కటి చాలు. సాకెట్ పక్కన స్విచ్ వేయడం మరిచి ఫోన్ ఎక్కలేదని చూస్తుంటారు కొందరు.

పొద్దున దీపం పెట్టందే నీళ్లు ముట్టనివాళ్లు ఇంకో మాట వినాలి. గది గదికీ పొగ పసిగట్టే అలారం ఉంటుంది. రెండు అగరొత్తులు, ఒక బిళ్ల కర్పూరం చాలు, ఇల్లంతా మోగి అందరూ పైజామాలతో రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. బ్యాటరీ దీపం ఒకటి పెట్టుకుపోండి. స్వామి ఏమీ అనుకోడు.

గదిలో కెటిల్, టీ పొట్లాలు, చిన్న గిన్నెల్లో పాలు పెట్టి ఉంటారు. కెటిల్‌లో నీళ్లు తప్ప ఇంకేమీ పోయొద్దు. పాలు పోస్తే అడుగున అంటుకుని మాడి, పొంగి, ఆటోమేటిక్ స్విచ్ దెబ్బతింటుంది. ఆ తర్వాత వచ్చే అతిథి టీ తాగినప్పుడల్లా మాడు వాసన. గదిలో కుక్కర్, ఇండక్షన్ స్టవ్ పెట్టడం ఎక్కడా ఒప్పుకోరు. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల కప్పులు సరిపోతాయి. శనక్కాయల పొడి, కరివేపాకు పొడి, కందిపొడి తీసుకుపోవచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల సరుకు మాత్రం బ్రిటన్ కస్టమ్స్ రానివ్వదు, సంచిలో పెట్టొద్దు.

టిఫిన్ ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర లోపు. చాలా ఇళ్లలో ముందు రాత్రే ఒక కాగితం ఇస్తారు. ఏం కావాలో టిక్కు పెట్టి తలుపు బయట పెట్టాలి. వెల్ష్ బ్రేక్‌ఫాస్ట్ అంటే పంది మాంసం ముక్కలు, సాసేజి, గుడ్డు, పుట్టగొడుగులు, టమాటా, వాటితో పాటు 'బారా లౌర్'. పేరులో బారా అంటే రొట్టె గానీ ఇది రొట్టె కాదు. అక్కడి బండల మీద పెరిగే సముద్రపు నాచును గంటల తరబడి ఉడికించి, మెత్తగా రుబ్బి, ఓట్స్ కలిపి వడలా తట్టి వేయించేది. నల్లగా, గోంగూర మరీ ఉడికిపోయినట్టు కనిపిస్తుంది. రుచి ఉప్పుప్పగా, కొంచెం ఇనుములా ఉంటుంది. ఊరికే భయపడనక్కర్లేదు, నాచు శాకాహారమే. కానీ దాన్ని ఎక్కువసార్లు పంది కొవ్వులో వేయిస్తారు, కాబట్టి నూనెలో వేరుగా వేయించమని అడగాలి.

శాకాహారుల మాట వివరంగానే చెప్పుకోవాలి. అక్కడ 'వెజిటేరియన్' అంటే గుడ్డు ఉన్నట్టే లెక్క. 'వీగన్' అంటే పాలూ పెరుగూ కూడా తీసేసి టీలోకి ఓట్స్ పాలు తెస్తారు. మనకు కావాల్సింది ఈ రెంటికీ నడుమ. కాబట్టి బుక్ చేసేటప్పుడే 'వెజిటేరియన్, గుడ్డు వద్దు, పాలు పెరుగు చీజ్ పర్వాలేదు, వేరే పెనం' అని నాలుగు ముక్కలూ రాయాలి. గ్లామోర్గన్ సాసేజి పేరుకే సాసేజి. కేర్ఫిలీ చీజ్, లీక్ అనే ఉల్లికాడల్లాంటి కూర, రొట్టె పొడి కలిపి చేస్తారు. ముద్ద కట్టడానికి గుడ్డు వాడతారు. పెనం మీద కాల్చే వెల్ష్ కేకుల్లో గుడ్డు మామూలే, పాత పద్ధతిలో పంది కొవ్వు కూడా పడుతుంది. చీజ్ టోస్టులాంటి వెల్ష్ రేర్‌బిట్‌లో వేసే వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది. అడిగితే దాచరు. గుడ్డు, పాలు, ఆవాలు, నువ్వులు లాంటి 14 రకాల పడని పదార్థాల గురించి చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం వాళ్లదే. ఏమీ తేలకపోతే పోరిడ్జి అనే ఓట్స్ జావ, బేక్డ్ బీన్స్, టోస్టు, పుట్టగొడుగులు, పండ్లు. కడుపు నిండుతుంది. మన పొడి ఒక చెంచా బీన్స్ మీద చల్లుకుంటే ఇంకా నిండుతుంది.

తలుపు దగ్గర ఆకుపచ్చ స్టిక్కర్ మీద 0 నుంచి 5 లోపు ఒక అంకె కనిపిస్తుంది, అది వంటింటి శుభ్రత మార్కు. 2013 చివరి నుంచి వేల్స్‌లో అది బయటికి కనపడేలా అతికించడం తప్పనిసరి. 5 ఉన్నచోటే దిగండి.

రాత్రి భోజనం మాత్రం వీళ్లు పెట్టరు. ఊళ్లో పబ్బుల వంటిల్లు ఎనిమిదిన్నర, తొమ్మిదికి కట్టేస్తారు, ఆదివారం సాయంత్రం కొన్నిచోట్ల అసలు తెరవరు. మన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకు ఆకలేస్తే బిస్కెట్లే గతి. జాకెట్ పొటాటో, అంటే తొక్కతో కాల్చిన పెద్ద ఉర్లగడ్డలో బీన్సో చీజో పెట్టింది, శాకాహారికి ఎక్కడైనా దొరికే నమ్మకమైన తిండి. చిప్స్ కొనేముందు ఏ నూనె అని అడగండి, కొన్ని అంగళ్లలో పశువుల కొవ్వులో వేయిస్తారు.

సముద్రం గడియారం

మన తూర్పు తీరంలో, తూపిలిపాళెంలోనో మైపాడులోనో, పోటుకూ (నీళ్లు పైకి ఎక్కినప్పుడు) పాటుకూ (కిందికి దిగినప్పుడు) నీటిమట్టం తేడా మీటరు అటూ ఇటూ. అందుకే మనకు సముద్రం పొద్దున ఎక్కడుందో సాయంత్రం కూడా దాదాపు అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. పెంబ్రోక్‌షైర్‌లో పెద్ద పోట్లప్పుడు ఆ తేడా ఆరు మీటర్లు దాటుతుంది. ఇంకా తూర్పున బ్రిస్టల్ చానెల్ లోపలికి పోతే అది ప్రపంచంలోనే అతి ఎక్కువ తేడా ఉండే చోట్లలో ఒకటి. ఆరు మీటర్లంటే రెండంతస్తుల మిద్దె. సాల్వా అనే చిన్న రేవులో పొద్దున పడవలు నీటి మీద ఊగుతుంటాయి. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి అవే పడవలు బురదలో పక్కకు ఒరిగి పడుకుని ఉంటాయి, వాటి మధ్య పిల్లలు నడుస్తుంటారు.

పోటు నుంచి పాటుకు, మళ్లీ పాటు నుంచి పోటుకు సుమారు ఆరుంబావు గంటలు. ఆ ఆరు గంటలూ నీళ్లు ఒకే వేగంతో కదలవు. లెక్కకు పన్నెండు భాగాలు అనుకోండి. మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, ఐదులో రెండు, ఆరులో ఒకటి. ఆరు మీటర్ల తేడా ఉన్న రోజున మొదటి గంటలో అర మీటరే ఎక్కుతుంది కాబట్టి ఇంకా చాలా టైముంది అనిపిస్తుంది. మూడో గంటకొచ్చేసరికి ఒక్క గంటలోనే మీటరున్నర. ఇసుక పల్చటి వాలు కాబట్టి మీటరున్నర ఎత్తంటే పదుల అడుగుల ఇసుక మాయం. కొండ మలుపు తిరిగి పక్క ఇసుకలోకి పోయినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. వెనక్కి చూసేసరికి మలుపు దగ్గర నీళ్లు, వెనక నిట్టనిలువు కొండ. దీనికి సూత్రం ఒకటే. పాటు టైముకు ఒక గంట ముందు బయలుదేరాలి, పాటు టైముకల్లా వెనక్కి మళ్లాలి.

టైములు చిన్న పుస్తకంగా ఊరి అంగళ్లలో రెండు మూడు పౌండ్లకు దొరుకుతాయి, చాలా బి అండ్ బిల్లో వరండా గోడకు అంటించి ఉంటాయి. ఒక మెలిక ఉంది. కొన్ని పట్టికలు ఏడాదంతా గ్రీనిచ్ టైములోనే వేస్తారు. మార్చి చివర నుంచి అక్టోబర్ చివర దాకా అక్కడి గడియారాలు ఒక గంట ముందుంటాయి. పట్టికలో అడుగున ఏ టైమో చూసి, గ్రీనిచ్ అయితే ఒక గంట కలుపుకోవాలి. రోజురోజుకూ టైము సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న చూసింది నేడు పనికిరాదు.

పుస్తకం లేకపోయినా మన ఇంటి గోడ క్యాలెండర్ సగం చెబుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు: నీళ్లు బాగా పైకి, బాగా కిందికి. అష్టమి, నవమి దాటినాక తేడా తక్కువ. పెంబ్రోక్‌షైర్‌లో పెద్ద పోట్ల రోజుల్లో నీళ్లు బాగా దిగేది మధ్యాహ్నం ప్రాంతంలో. కాబట్టి విశాలమైన ఇసుక చూడాలంటే పాడ్యమి, విదియ ఉండే రోజులకు గది తీసుకుంటే టిఫిన్ తిని నెమ్మదిగా పోవచ్చు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టేది పెళ్లికే కాదు.

నీళ్లలో దిగేవాళ్లు ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి, అక్కడ లైఫ్‌గార్డులుంటారు. నలుపు తెలుపు గళ్ల జెండా సర్ఫింగ్ పలకలవాళ్లకు. ఎర్ర జెండా ఉంటే అసలు దిగకూడదు. ఆగస్టులో కూడా నీళ్లు 16, 17 డిగ్రీలే. ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఆడనట్టు అవుతుంది, మోకాళ్ల దాకా తడుపుకుని కాసేపు ఆగాలి. ఎవరైనా ఇరుక్కుంటే 999కి ఫోన్ చేసి 'కోస్ట్‌గార్డ్' అని అడగాలి. పోలీసు అని కాదు.

ఊరు, దారులు

సెయింట్ డేవిడ్స్‌కు 1994లో నగరం హోదా ఇచ్చారు. జనం రెండు వేలు కూడా లేరు, బ్రిటన్‌లో అదే అతి చిన్న నగరం. వేల్స్ భాషలో దాని పేరుకు 'డేవిడ్ ఇల్లు' అని అర్థం. ఆ డేవిడ్ ఆరో శతాబ్దపు సన్యాసి. నీళ్లు, రొట్టె, ఆకుకూరలతోనే గడిపాడని చెబుతారు, అంటే మన శాకాహార గొడవ ఆయనకు అర్థమయ్యేదే. రెండుసార్లు ఇక్కడికి వస్తే ఒకసారి రోముకు పోయినట్టే అని 12వ శతాబ్దంలో పోప్ రెండో కాలిక్స్‌టస్ ప్రకటించాడు. ఆ తర్వాత యాత్రికులు ఆగలేదు. మనకు కొండ మీద గుడి, దూరం నుంచే కనపడాలి. అక్కడ తిరగబడింది. 1181లో మొదలుపెట్టిన కెథీడ్రల్, అంటే పెద్ద చర్చి, పల్లంలో దాక్కుని ఉంటుంది, సముద్రం మీంచి వచ్చే దోపిడీగాళ్లకు కనపడకుండా అని చెబుతారు. ఊరి ద్వారం నుంచి 39 మెట్లు దిగాలి. గుడికి మెట్లు ఎక్కడమే తెలిసిన కాళ్లకు అదొక వింత. ఊరి బయట సెయింట్ నాన్స్ దగ్గర ఒక ఊటబావి ఉంది, డేవిడ్ పుట్టినచోటని నమ్మకం. పొలం గుండా పది పదిహేను నిమిషాల నడక.

తీరం వెంబడి నడక దారి 186 మైళ్లు, 1970లో తెరిచారు. 2012 నుంచి అది వేల్స్ తీరం మొత్తం వెంబడి సాగే 870 మైళ్ల దారిలో భాగం. ఓక్ కాయ గుర్తున్న కొయ్యలు పట్టుకుని పోతే తప్పిపోరు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత అనుకోవద్దు. అలిపిరిలో పైకప్పు ఉంది, పక్కన గోడ ఉంది, మజ్జిగ అమ్మేవాళ్లున్నారు. ఇక్కడ ఏ ఒక్కటీ లేదు. ఒక పక్క గొర్రెల పొలం, రెండో పక్క గాలి. అంచున పచ్చగడ్డి కనిపించినా దాని కింద మట్టి రాలిపోయి ఉండొచ్చు, కాబట్టి అంచుకు రెండు బారల దూరం. ఎక్కుడూ దిగుడూ తెగవు, గంటకు రెండు మైళ్లు నడిస్తే బాగా నడిచినట్టు.

మొదటి నడకకు వైట్‌సాండ్స్ ఇసుక నుంచి సెయింట్ డేవిడ్స్ హెడ్ చుట్టి రావడం సరిపోతుంది, నాలుగు మైళ్ల లోపు. కొస దగ్గర వేల ఏళ్ల నాటి రాతి సమాధి ఒకటి ఉంటుంది, ఒక పెద్ద బండ ఒక్క కాలు మీద ఆనుకుని. మన జిల్లాలో పాండవ గుళ్లు చూసినవాళ్లు చుట్టాన్ని చూసినట్టు గుర్తుపడతారు. ఓపికుంటే 181 మీటర్ల కార్న్ లిదీ కొండ కూడా. పైన చివర్లో బండలు పట్టుకుని పాకాలి, చీరతో కుదరదు.

రెండో నడకకు సాల్వా నుంచి సెయింట్ డేవిడ్స్‌కు, సుమారు ఐదు మైళ్లు. ఇందులో కిటుకు ఏమంటే పొద్దున బస్సులో సాల్వాకు పోయి, గది వైపు నడుచుకుంటూ రావాలి. తిరగేసి చేస్తే చివరి బస్సు కోసం గుండె పట్టుకుని పరిగెత్తాలి. ఆదివారం బస్సులు బాగా తక్కువ. రైలు హేవర్‌ఫర్డ్‌వెస్ట్ దాకానే, అక్కడి నుంచి టి11 బస్సు ముప్పావుగంటలో తెస్తుంది. తీరం వెంట తిరిగే చిన్న బస్సులు స్టాపు లేకపోయినా, ఆపడానికి చోటుంటే చెయ్యెత్తితే ఆపుతాయి. అదొక్కటి మన పల్లె బస్సు లక్షణం.

గొడుగు ఇంట్లో వదిలేయండి, అక్కడ వాన పక్క నుంచి వస్తుంది. నీళ్లు దిగని జాకెట్, లోపల రెండు పల్చటి పొరలు, పట్టున్న బూట్లు. జీన్స్ తడిస్తే ఆరవు, కాళ్లు మంచుగడ్డలవుతాయి. ఫెర్న్ పొదల్లో నడిచినాక కాళ్లకు గోమార్లు ఉన్నాయేమో చూసుకోవాలి. వాటితో జబ్బు రావచ్చు, చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగేయాలి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు ఓఎల్ 35 కొనుక్కోండి, దాంట్లో నాలుగు సెంటీమీటర్లు కిలోమీటరు.

కారు నడిపేవాళ్లకు: మన లైసెన్సుతో పన్నెండు నెలలు నడపొచ్చు, రోడ్డుకు ఎడమే. ఊళ్లలో వీధి దీపాలున్న రోడ్ల మీద మామూలుగా వేగం 20 మైళ్లే, 2023 సెప్టెంబర్ నుంచి. రోడ్డు మీద పెద్ద తెల్ల అక్షరాలతో రాసుండే మాటను 'అరవ్' అని పలుకుతారు. చిత్తూరోళ్లు నవ్వుకుంటారు గానీ అక్కడ దానర్థం 'నెమ్మది'. పల్లె దారులు ఒక కారు పట్టేంతే, రెండు పక్కలా మట్టిగట్ల మీద కంచెలు. ఎదురుగా బండి వస్తే వెడల్పు చోటు ఎవరికి దగ్గరో వాళ్లే వెనక్కి పోవాలి. రివర్స్ సరిగా రానివాళ్లు బస్సే ఎక్కండి. వైట్‌సాండ్స్ పార్కింగ్ ఆగస్టులో పదకొండుకల్లా నిండిపోతుంది. పార్కింగ్ యాప్ సిగ్నల్ లేక తెరుచుకోని చోట్లకు పౌండు నాణేలు నాలుగు జేబులో ఉంచండి.

పఫిన్లు, సీళ్లు

స్కోమర్ ద్వీపానికి మార్టిన్స్ హేవెన్ నుంచి పడవ. నలభై వేలకు పైగా పఫిన్లు ఏప్రిల్‌లో వచ్చి జూలై చివరికి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఆగస్టు మొదటి వారంలో టికెట్ కొన్నవాళ్లకు దక్కేది గాలి మాత్రమే. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, సోమవారాలు పడవలుండవు, బ్యాంకు సెలవులు (అక్కడి పబ్లిక్ సెలవులు) తప్ప. ఉత్తర గాలి వీస్తే పడవ రద్దు, ఎందుకంటే దిగే రేవు ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది. అందుకని బసలో మొదటి రోజే టికెట్ పెట్టుకోండి, తప్పితే ఇంకో రోజు మిగులుతుంది. దిగగానే 87 మెట్లు. అంగడి లేదు, నీళ్లు, తిండి మోసుకుపోవాలి. దారి దాటి గడ్డిలో అడుగు పెట్టకూడదు. పఫిన్లు కుందేళ్లలా బొరియల్లో గుడ్లు పెడతాయి, మన బరువుకు పైకప్పు కూలుతుంది. పక్షి మన బూటు పక్కనే, రంగురంగుల ముక్కులో నాలుగైదు చిన్న చేపలు అడ్డంగా పట్టుకుని, దారి ఇస్తావా ఇవ్వవా అన్నట్టు నిలబడుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తే చటుక్కున బొరియలోకి దూరుతుంది.

సెప్టెంబర్, అక్టోబర్‌లో పోయేవాళ్లకు పఫిన్లు దొరకవు గానీ సీలు అనే సముద్రపు జంతువు పిల్లలు దొరుకుతాయి, తెల్లగా, ఉతికిన దిండ్లలా గులకరాళ్ల మీద. కొండ పైనుంచే చూడాలి. కిందికి దిగితే తల్లి బెదిరి పిల్లను వదిలేస్తుంది.

తిరిగి వచ్చే రోజు పది గంటలకు గది ఖాళీ చేసి దక్షిణ తీరం మీదుగా రావచ్చు. స్టాక్‌పోల్ రేవు దగ్గర కారు పెట్టి అర మైలు నడిస్తే బారఫండిల్ ఇసుక. అదే తీరంలో కొంత దూరం పోతే కొండ పగులులో ఇరికించి కట్టినట్టుండే సెయింట్ గోవన్స్ చిన్న గుడి. దాని మెట్లు ఎక్కేటప్పుడు ఒక లెక్క, దిగేటప్పుడు ఒక లెక్క వస్తాయని నానుడి. అక్కడికి పోయే రోడ్డు సైన్యం ఫైరింగ్ రేంజ్ గుండా పోతుంది. కాల్పులుంటే ఎర్ర జెండా, గేటు మూత. ఆ వారం టైములు ముందే చూసుకోవాలి. తర్వాత టెన్‌బీ. అక్కడి నుంచి కాల్డీ ద్వీపానికి పడవలుంటాయి, సన్యాసుల మఠం ఉన్న ద్వీపం. పోటున్నప్పుడు పడవ రేవు నుంచి కదులుతుంది, పాటున్నప్పుడు కోట కింద ఇసుక నుంచి. టికెట్ చేతిలో పట్టుకుని రేవులో నిలబడి పడవేదని అడిగేవాళ్లు రోజూ కొందరుంటారు. ఆదివారం ఆ పడవలు ఉండవు, కాబట్టి గది ఖాళీ చేసే రోజు శనివారమో సోమవారమో అయ్యేలా బుక్ చేసుకోండి.